ఐటెం నాలుగు

రెండో శనివారం, సాయంత్రం నాలుగున్నర.
ఘాన్సీ బజార్‌లో మూడో అంతస్తు.
లిఫ్టు పనిచేయదు.
సీనియర్లు మెట్టుకో వాయిదా అడుగుతూ పైకొస్తారు.

ప్రభుత్వ టెండర్ల చట్టం ఉపసంఘం.
తొమ్మిది మంది సభ్యులం, ఐదుగురొస్తే కోరం.
ఇవాళ నలుగురం.
కింద నోటరీ దగ్గర కూర్చున్న శశిరేఖను పిలిపించాం.
ఆమె సభ్యురాలే, తనకే గుర్తులేదు.

మినిట్స్ రాసేది నేను.
పదకొండేళ్లుగా నేనే.
చేతిరాత బాగుంటుందని అప్పజెప్పారు,
ల్యాప్‌టాప్ వచ్చాక కూడా అదే కారణం చెబుతారు.

ఐటెం ఒకటి: గత సమావేశపు మినిట్స్. ఆమోదించాం.
ఐటెం రెండు: వార్షిక సదస్సుకి సంచులు, జూట్‌వా, రెగ్జిన్‌వా.
నలభై నిమిషాలు.
ఐటెం మూడు వాయిదా.

ఐటెం నాలుగు:
నమూనా టెండరు పత్రం, తెలుగు ప్రతి, పద్దెనిమిదో షరతు.
"అసాధారణంగా తక్కువ ధర కోట్ చేసినచో
అధికారి వివరణ కోరవచ్చును."

కోరవచ్చునా, కోరవలెనా?
అక్కడ ఆగాం.

చంద్రమౌళి గారు ముప్పై ఏళ్లుగా కాంట్రాక్టర్ల వైపు.
"వలెను అని రాస్తే ప్రతి ఫైలూ కోర్టుకొస్తది."
వస్తే మనకేగా అని పల్లంరాజు గారు నవ్వారు.
నిఖత్ నవ్వలేదు. కార్పొరేషన్ తరఫున వాదించే మనిషి.
"వచ్చును అంటే ఏ ఇంజనీరూ అడగడు.
అడగని ప్రశ్న మీద ఆడిట్ పేరా రాదు."

వచ్చును. వలెను.
మొదటి అక్షరం ఒకటే, చివరిదీ ఒకటే,
నడిమిదొక్కటే వేరు.
ఆ నడుమ కర్సర్‌ని నిలబెట్టి చూస్తున్నాను,
ఆరుతూ, వెలుగుతూ.

కిటికీలోంచి మూసీ వాసన కొట్టింది.
"మూసెయ్యమ్మా" అన్నారెవరో.
శశిరేఖ లేచింది కానీ మూయలేదు,
రెక్క మీద చెయ్యి పెట్టి అడిగింది:
"తక్కువంటే, దేన్ని తీసేస్తే తక్కువైంది సార్?"

ఎవరూ మాట్లాడలేదు.
నాకు జవాబు తెలుసు.

ఏడేళ్ల కింద,
మురుగు కాల్వల పూడికతీత, రెండో ప్యాకేజీ.
నా క్లయింటు ఎల్-వన్,
తర్వాతివాడి కంటే పద్దెనిమిది శాతం తక్కువ.
వాడు రిట్ వేశాడు.
ధర అనేది వ్యాపార వివేకం,
కోర్టు అందులో తలదూర్చరాదని వాదించాను.
దూర్చలేదు.
సాయంత్రానికి బాదం జాలీ డబ్బా ఇంటికొచ్చింది,
పిల్లలు పోట్లాడుకుని తిన్నారు.

రేటు అనాలిసిస్ కాగితం నా ఫైల్లోనే ఉండేది.
తాడు: సున్నా.
మాస్కు: సున్నా.
గ్యాసు చూసే మీటరు: సున్నా.
ఎంత గుండ్రంగా ఉన్నాయో ఆ సున్నాలు,
మ్యాన్‌హోల్ మూతల్లాగా.

ఆగస్టులో అంజిలప్ప దిగాడు.
అతణ్ణి తీయడానికి అతని బావమరిది దిగాడు.
పేపర్లో లోపలి పేజీ, ఆరు లైన్లు.
కాంట్రాక్టరు పేరు వేయలేదు.
నాకు మాత్రం కనిపించింది.

ఇవి మినిట్స్‌లో రాసేవి కావు.

"ఓటింగ్ పెడదాం" అన్నారు చంద్రమౌళి గారు, వాచీ చూసుకుంటూ.
ఇటు రెండు, అటు రెండు.
మినిట్స్ రాసేవాడికి ఓటుంటుందా అని బైలా తిరగేశారు.
ఉంటుందట.
పదకొండేళ్లలో నేనైనా చూడలేదు.

చెయ్యెత్తాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగుంటే చెప్పేవాణ్ణా,
తెలీదు.

వలెను, అని టైపు చేశాను.
ఈ నమూనాని ఏ శాఖా వాడి తీరాలని లేదు.
వాడుకోవచ్చును.

ఐటెం ఐదు: ఇతరములు. ఏమీ లేవు.
ఆరూ పదికి ముగిసింది.
అందరూ గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు,
నేనొక్కణ్ణే పైన, మొదటి నుంచీ ఒకసారి చదువుకుంటున్నాను.

ఐటెం రెండు:
జూట్ సంచులు, రెండు వందలు.
మూడు కొటేషన్లలో అన్నిటికన్నా తక్కువది ఖాయం.
వివరణ కోరలేదు.